అమ్మ షుగర్ మాత్ర వేసుకుని మరీ ఉపవాసం ఉంటోంది, ఏం చెయ్యాలి?

కాకినాడ_కాజా
అమ్మకి 63 ఏళ్ళు. షుగర్ వచ్చి చాలా కాలమైంది. పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటుంది. ఈ మధ్య డాపాగ్లిఫ్లోజిన్ అని ఇంకోటి కలిపారు. బీపీ మాత్ర సరేసరి. కార్తీకం వచ్చిందంటే నాకు టెన్షన్ మొదలు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, గుడి. సోమవారమైతే చుక్కలు కనబడేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. మొన్న సోమవారం కూడా అంతే, కానీ మాత్రలు మాత్రం వేసేసుకుంది. "మందు ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరుగారే కదరా చెప్పారు" అంటుంది.

మధ్యాహ్నం పక్కింటి అమ్మాయి ఏదో పనిమీద వస్తే అమ్మ కుర్చీలో కూలబడి ఉందట. ఒళ్ళంతా చెమటలు, మాట ముద్దముద్దగా వస్తోంది. ఆ పిల్ల నర్సింగ్ చదువుతోంది కాబట్టి సరిపోయింది. మీటర్ పెడితే 48. పంచదార నీళ్ళు తాగించి నాకు ఫోన్ చేసింది. నేనుండేది హైదరాబాద్‌లో.

ఇప్పుడు అమ్మ ఏమంటుందంటే, "నాకేమైంది? శివుడే ఆ పిల్లని పంపించాడు." వచ్చే సోమవారం కూడా ఉంటుందట. అన్నయ్యేమో ఈ వయసులో ఆవిడ నమ్మకం జోలికి వెళ్ళకు అంటాడు. ఇలాంటివాళ్ళని ఎవరైనా ఒప్పించారా?

ఉప్మా_ద్వేషి
వచ్చే సోమవారం ఆ అమ్మాయికి పరీక్షలుంటే శివుడు ఎవర్ని పంపాలి? జోక్ కాదు, 48 అంటే భయపడాల్సిన సంఖ్యే.

అరిటాకు_అత్తయ్య
నేను పెళ్ళైన దగ్గర్నుంచీ కార్తీక సోమవారాలు ఉంటున్నాను, ఏకాదశులు ఉంటున్నాను. మా అత్తగారు 88 ఏళ్ళు బతికారు, ఒక్క ఏకాదశి వదలలేదు. లంఘనం పరమౌషధం అని పెద్దలు ఊరికే అనలేదు. ఈ కాలం పిల్లలకి ప్రతిదానికీ భయమే. రోజూ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని తినే చెత్త గురించి ఒక్కరూ ఇంత బెంగ పెట్టుకోరు.

బెజవాడ_బాబాయ్
అక్కయ్యా, మీకు షుగర్ ఉందా?

అరిటాకు_అత్తయ్య
లేదు.

బెజవాడ_బాబాయ్
మరి అదే కదా తేడా.

స్టెతస్కోప్_వరంగల్
జనరల్ ఫిజిషియన్‌ని. కార్తీకంలో, రంజాన్‌లో, శివరాత్రికి ఈ కేసులు మాకు మామూలే. కాజా గారూ, మీ అమ్మగారి విషయంలో ఉపవాసం ఒక్కటే చూస్తే సరిపోదు. ఖాళీ కడుపున వేసుకున్న ఆ మాత్ర సంగతి చూడాలి.

గ్లిమిపిరైడ్ పని ఏంటంటే, క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ వదిలించడం. మీరు తిన్నారా లేదా అని అది చూడదు. తినకపోయినా ఇన్సులిన్ వస్తుంది, రక్తంలో ఉన్న చక్కెర పడిపోతుంది. గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ కూడా ఇదే జాతి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి షుగర్ ఇలా పడిపోవడం చాలా అరుదు. కాబట్టి "మా పక్కింటాయనకి కూడా షుగరే, ఆయన ఉపవాసం ఉంటే ఏం కాలేదు" అనేది లెక్కలోకి రాదు. ఆయన ఏ మాత్ర వేసుకుంటున్నాడో చూడాలి.

70 కంటే తగ్గితే లో షుగర్ అంటాం. 54 కంటే తగ్గితే మెదడుకి అందాల్సింది అందడం లేదని అర్థం. మాట తడబడటం అందుకే. అప్పుడు మూడు చెంచాల పంచదార, అంటే ఇంచుమించు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాలు ఆగి మళ్ళీ మీటర్ పెట్టాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిన్నగా ఆసుపత్రికి.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. గ్లిమిపిరైడ్ ఒళ్ళో చాలా గంటలు పనిచేస్తుంది. పంచదార నీళ్ళకి లేచి కూర్చున్నారు కదా అని వదిలేస్తే కాసేపటికి మళ్ళీ పడిపోవచ్చు. కిడ్నీలు కాస్త మందగించిన పెద్దవాళ్ళలో మరీను. ఆ రోజు ఆవిడకి అన్నం పెట్టారా?

కాకినాడ_కాజా
లేదండి. "చుక్క రాకుండా ఎలా తింటాను" అని రాత్రే తింది. ఆ పంచదార నీళ్ళతోనే వ్రతభంగం అయిపోయిందని బాధ.

స్టెతస్కోప్_వరంగల్
అదృష్టం బాగుంది. డాపాగ్లిఫ్లోజిన్ సంగతి వేరు. అది చక్కెరని మూత్రంలోకి పంపేస్తుంది, దానితోపాటు నీళ్ళూ పోతాయి. అది వాడుతూ పస్తులుంటే కొందరికి కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పేరుకుని, రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ వస్తుంది. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. మామూలుగా ఇది వచ్చినవాళ్ళకి షుగర్ 300, 400 ఉంటుంది. ఈ మాత్ర వాడేవాళ్ళకి 180 ఉన్నా రావచ్చు. ఇంట్లోవాళ్ళు మీటర్ చూసి "షుగర్ బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది" అనుకుంటారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం ఉంటే మీటర్ ఏం చెప్పినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డాక్టరుకి ఈ మాత్ర పేరు ముందే చెప్పండి. 2020లో పేటెంటు అయిపోయాక ధర బాగా తగ్గింది, ఇప్పుడు ఊరూరా వాడుతున్నారు. అందుకే ఇంత చెబుతున్నా.

మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టర్ని ఉపవాసానికి ముందే కలవండి.

పాతబస్తీ_చాయ్
మా దగ్గర ఇది ప్రతి ఏడాదీ ఉండే కథ. అబ్బాకి షుగర్, ఇన్సులిన్ కూడా ఉంది. రంజాన్‌కి నెలా రెండు నెలల ముందే డాక్టర్ దగ్గర కూర్చుంటాం. పొద్దున వేసుకునే డోసు ఇఫ్తార్‌కి మారుస్తారు, సహరీ, అంటే తెల్లవారకముందు తినేటప్పటి డోసు తగ్గిస్తారు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విడిచిపెట్టాలి, ఇంకో మాట లేదు. ఇఫ్తార్‌కి పది నిమిషాలే ఉందని ఆగడం కూడా లేదు.

మొదట్లో వేలికి సూది గుచ్చితే రోజా పోతుందేమోనని మీటర్ ముట్టేవాడు కాదు. పోదు అని మా మసీదు ఇమాం సాబ్ చెప్పాక ఒప్పుకున్నాడు. రోగులకి, ప్రయాణంలో ఉన్నవాళ్ళకి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. తర్వాత ఎప్పుడైనా ఆ రోజాలు తీర్చుకోవచ్చు. అసలు ఉండలేనివాళ్ళు ఒక్కో రోజుకి ఒక పేదవాడికి అన్నం పెడితే చాలు, దాన్ని ఫిద్యా అంటారు. డాక్టర్ పదిసార్లు చెప్పింది ఎక్కలేదు, ఇమాం సాబ్ ఒక్కసారి చెప్తే ఎక్కింది.

స్టెతస్కోప్_వరంగల్
చాయ్ భాయ్ చెప్పింది అక్షరాలా నిజం. రంజాన్ మీద అంతర్జాతీయ మార్గదర్శకాలే ఉన్నాయి. 2001లో 13 దేశాల్లో ఎపిడయార్ అని పెద్ద పరిశీలన చేశారు. ఆసుపత్రిలో చేరాల్సినంత లో షుగర్ రంజాన్ నెలలో టైప్ 1 వాళ్ళకి, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకానివాళ్ళకి 4.7 రెట్లు, టైప్ 2 వాళ్ళకి, అంటే ఎక్కువమందికి పెద్దయ్యాక వచ్చే మామూలు షుగర్ ఉన్నవాళ్ళకి 7.5 రెట్లు పెరిగింది. ఆ తర్వాతే ఈ ముందస్తు సంప్రదింపులు ఊపందుకున్నాయి. కార్తీకానికి ముందు నా దగ్గరికి అలా వచ్చి అడిగేవాళ్ళు బహు తక్కువ. పడిపోయాకే వస్తారు.

కాకినాడ_కాజా
మాకు అలా చెప్పే ఇమాం సాబ్ ఎవరు మరి? పూజారిగారిని అడిగితే "అమ్మా, మీ శక్తి కొద్దీ" అని తప్పించుకున్నారు.

పంచాంగం_పిచ్చి
ఆయన తప్పించుకోలేదు, శాస్త్రం చెప్పిందే చెప్పారు. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది అని ధర్మశాస్త్రాల్లో ఉంది. నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఆఖరున ఔషధం. మీ అమ్మగారు తాగిన పంచదార నీళ్ళు ఔషధమే. వ్రతభంగం ఎక్కడిది? పాలు, పళ్ళు అన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నం అరటిపండు తిన్నా ఏ దోషమూ లేదు.

పైగా ఉపవాసంలో ఎన్ని మెట్లున్నాయి! ఒంటిపూట భోజనం ఏకభుక్తం, రాత్రి మాత్రమే తినేది నక్తం, అడక్కుండా దొరికిందే తినేది అయాచితం. అందరూ నిర్జలమే ఉండాలని ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి. శక్తి లేనివాళ్ళకి బదులుగా కొడుకు గానీ భర్త గానీ ఉపవాసం ఉండొచ్చు. ప్రతినిధి విధానం అంటారు.

ఉప్మా_ద్వేషి
కాజా, అర్థమైందా? సోమవారం నీకు బిర్యానీ లేదు.

కాకినాడ_కాజా
ఇది అమ్మకి చెప్తే నిజంగానే పట్టుకుంటుంది. సోమవారాలు మా ఆఫీసులో లంచ్ మీటింగులు ఉంటాయండీ...

బెజవాడ_బాబాయ్
శివుడు చూస్తున్నాడు.

డల్లాస్_డొక్కా
మీరందరూ ఉపవాసాన్నే తప్పుపడుతున్నట్టుంది. నేను 16:8 చేస్తున్నా. రాత్రి ఎనిమిదికి తినడం ఆపి మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి మొదలుపెడతా. బరువు బాగా తగ్గింది, పొట్ట తగ్గింది. ఉపవాసంతో కణాల్లో చెత్త శుభ్రమవుతుందని కనిపెట్టినందుకు 2016లో జపాన్ శాస్త్రవేత్తకి నోబెల్ కూడా వచ్చింది. మన ఏకాదశి వెనక సైన్స్ అదే.

ల్యాబ్_కోటు
ఆ వాట్సాప్ మెసేజ్ ఇక్కడికీ వచ్చేసింది. యోషినోరి ఓసుమికి నోబెల్ వచ్చిన మాట నిజం. ఆటోఫజీకి, అంటే కణం తన చెత్తని తనే శుభ్రం చేసుకునే పద్ధతికి వచ్చిన మాటా నిజం. ఆయన పనిచేసింది ఈస్ట్ మీద, రొట్టెలు పొంగించే ఆ ఈస్ట్ మీదే. ఆ ప్రక్రియని నడిపే జన్యువుల్ని పట్టుకున్నాడు. మనుషులు ఎన్ని గంటలు పస్తుంటే ఎంత ఆటోఫజీ జరుగుతుంది, దానివల్ల జబ్బులు తగ్గుతాయా అన్నది ఆ నోబెల్‌లో లేదు. ఏకాదశి అసలే లేదు.

16:8తో బరువు తగ్గదని నేను అనను. పొద్దున పూట తినకపోతే మొత్తం తిండి తగ్గుతుంది కాబట్టి బరువూ తగ్గుతుంది. 2022లో చైనాలోని గ్వాంగ్జౌలో 139 మంది ఊబకాయుల మీద ఏడాది పాటు చూశారు. కేలరీలు తగ్గించినవాళ్ళకీ, కేలరీలు తగ్గించి పైగా ఎనిమిది గంటల్లోనే తిన్నవాళ్ళకీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2020లో అమెరికాలో 116 మందితో చేసిన ఇంకో పరీక్షలో 16:8 వాళ్ళు తగ్గిన కాస్త బరువులో కండ కూడా బాగానే పోయిందని తేలింది. వ్యాయామం, ప్రొటీన్ లేకుండా ఇది చేసేవాళ్ళు దాని గురించి ఆలోచించాలి.

డల్లాస్_డొక్కా
మరి 2024లో 16:8 చేస్తే గుండెపోటుతో పోతారు అని టీవీలన్నీ ఊదరగొట్టాయి. మా ఆవిడ ఆ వార్త ఫ్రిజ్‌కి అంటించింది. దాని సంగతి కూడా చెప్పండి.

ల్యాబ్_కోటు
అదీ అంతే. ఎనిమిది గంటల లోపు తినేవాళ్ళలో గుండెజబ్బు మరణాలు 91 శాతం ఎక్కువ అని అమెరికాలో ఒక సదస్సులో చెప్పారు. సుమారు 20 వేల మందిని, వాళ్ళు రెండు రోజులు ఏం తిన్నారో చెప్పిన దాన్నిబట్టి విడగొట్టారు. వాళ్ళు కావాలని అలా తింటున్నారో, జబ్బుతో తినలేక తింటున్నారో, షిఫ్టులవల్ల కుదరక తింటున్నారో దాన్నిబట్టి తెలియదు. ఫ్రిజ్ మీది కాగితం తీసెయ్యొచ్చు. నోబెల్ మెసేజ్ కూడా తీసెయ్యండి, లెక్క సరి.

గౌటు_గోపాలం
డల్లాస్ తమ్ముడూ, నీకు యూరిక్ యాసిడ్ ఎంతుందో ఓసారి చూయించుకో. యూట్యూబ్‌లో చూసి మూడు రోజుల వాటర్ ఫాస్టింగ్ చేశా. మూడో రాత్రి కాలి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోయినంత పనైంది. పస్తులున్నప్పుడు కీటోన్లు పెరిగితే మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ని సరిగ్గా బయటికి పంపలేవట. గౌటు, అంటే యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్ళు వాచే జబ్బు ఉన్నవాళ్ళు అంతంత సేపు పస్తులుంటే ఇలా తిరగబెడుతుందని డాక్టర్ తిట్టిన తర్వాత తెలిసింది.

ఉప్మా_ద్వేషి
పేరు అప్పుడే పెట్టుకున్నారా?

గౌటు_గోపాలం
అప్పుడే. అంతకుముందు మజిల్_గోపాలం.

శారద_విశాఖ
మా చెల్లెలికి పిత్తాశయంలో రాళ్ళు. మూడు నెలల్లో బాగా సన్నబడింది, అందరూ భలే ఉన్నావు అన్నారు. తర్వాత కుడిపక్క డొక్కలో నొప్పి. కొవ్వు తిననప్పుడు పిత్తాశయం ముడుచుకోదు, పైత్యరసం అక్కడే చిక్కబడుతుంది, బరువు వేగంగా తగ్గేకొద్దీ రాళ్ళు ఎక్కువగా పుడతాయి అని సర్జన్ చెప్పారు. వారానికి కిలోన్నర కంటే ఎక్కువ తగ్గడం మంచిది కాదట.

ఫార్మసీ_కౌంటర్
మందుల షాపు నాది. మా దగ్గరికొచ్చే అసలు ప్రశ్నలు ఇవి కావు. "ఇవాళ ఒక్కపొద్దు, ఈ గోళీ వేసుకోవచ్చా?" అంటారు. లేదంటే అసలు అడక్కుండా మానేస్తారు. ఎక్కువ నష్టం అక్కడే. ఫిట్స్ మాత్ర ఒక్కరోజు మానినా ఫిట్స్ రావచ్చు. నీళ్ళు కూడా తాగని ఉపవాసంలో అది మానేసి, దానికి తోడు శివరాత్రి జాగరం చేస్తే చెప్పక్కర్లేదు, నిద్ర లేకపోవడమే ఫిట్స్‌ని తెస్తుంది. మానసిక సమస్యకి లిథియం వాడేవాళ్ళు ఒళ్ళో నీళ్ళు తగ్గితే ఆ మందు రక్తంలో పేరుకుని విషమవుతుంది. రక్తం పలచబడే మాత్రలూ ఎవరి ఇష్టానికి వాళ్ళు ఆపేవి కావు.

థైరాయిడ్ మాత్ర గురించి అడిగేవాళ్ళే ఎక్కువ. అది ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది కాబట్టి ఒక్కరోజు తప్పితే కొంప మునగదు. కానీ గుక్కెడు నీళ్ళతో వేసుకోవచ్చని పంచాంగం గారే చెప్పేశారు కదా, ఔషధం.

అరిటాకు_అత్తయ్య
నాకు బీపీ మాత్ర ఉంది. అందులో నీరు తీసే మందు కూడా కలిసి ఉందని మా అబ్బాయి ఇప్పుడే డబ్బా చూసి చెప్పాడు. ఏకాదశి నాడు నేను నీళ్ళు కూడా తాగను. పూజ దగ్గర కూర్చుని లేచేటప్పుడు కళ్ళు తిరుగుతాయి, పైత్యం అనుకుంటాను. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా డాక్టర్ బాబూ?

స్టెతస్కోప్_వరంగల్
ఉండే అవకాశం ఉందమ్మా. నీళ్ళు తాగక, ఆ మాత్ర వల్ల ఉన్న నీళ్ళూ పోయి, లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. ఈ వయసులో పడితే తుంటి ఎముక విరుగుతుంది, నాకు భయం దానిది. కూర్చుని ఒకసారి, లేచి నిలబడి రెండు మూడు నిమిషాల్లో ఒకసారి బీపీ చూయించండి. కిడ్నీలో రాళ్ళు వచ్చే తత్వం ఉన్నా నిర్జలం వద్దు.

అరిటాకు_అత్తయ్య
నీళ్ళు తాగుతాను. ఏకాదశి మానను.

స్టెతస్కోప్_వరంగల్
నేను మానమన్లేదమ్మా.

ఐసీయూ_అక్క
నర్సుని. పస్తులు ఉండటం కంటే విడిచేటప్పుడు వచ్చే ప్రమాదం గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన ఎక్కడో క్యాంపుకి వెళ్ళి వారానికి పైగా నీళ్ళు, కాస్త నిమ్మరసం మీదే ఉన్నాడు. ఇంటికొచ్చిన రోజు చుట్టాలంతా కూర్చోబెట్టి కడుపునిండా అన్నం, స్వీట్లు పెట్టారు. మర్నాటికి ఆయాసం, కాళ్ళవాపు, గుండె లయ తప్పింది. మా దగ్గరికొచ్చేసరికి ఫాస్ఫరస్, పొటాషియం పాతాళంలో ఉన్నాయి.

దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. చాలా రోజులు పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం పడితే ఇన్సులిన్ ఎగదన్నుతుంది. రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి పోతాయి. గుండెకి, ఊపిరి కండరాలకి మిగలదు. బీ1 విటమిన్ కూడా అయిపోతుంది. అయిదు రోజులకి మించి దాదాపు ఏమీ తిననివాళ్ళకి కొద్దికొద్దిగా, రక్తపరీక్షలు చూసుకుంటూ పెట్టాలి. ఒక్కరోజు ఉపవాసానికి ఈ భయం లేదు, అట్లతద్దివాళ్ళు కంగారు పడకండి.

డల్లాస్_డొక్కా
స్కాట్లాండ్‌లో ఒకాయన ఏడాదికి పైగా ఏమీ తినకుండా ఉన్నాడని చదివాను. అది కూడా వాట్సాపేనా?

చరిత్ర_చావడి
అది నిజమే. ఆంగస్ బార్బియరీ, 1965, 66ల్లో 382 రోజులు. 200 కిలోలకి పైన ఉన్న మనిషి 80 చిల్లరకి వచ్చాడు. కాకపోతే డండీలో ఆసుపత్రి డాక్టర్ల పర్యవేక్షణలో, విటమిన్లు, పొటాషియం ఇస్తూ, పరీక్షలు చేస్తూ. అంత కొవ్వు నిల్వ ఉండబట్టి సాగింది. అలా చికిత్సగా పస్తులుంచిన ఇతర రోగుల్లో చనిపోయినవాళ్ళూ ఉన్నారు, ఆ పద్ధతిని తర్వాత వదిలేశారు.

మామూలు ఒళ్ళున్నవాళ్ళ లెక్క వేరు. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మద్రాసులో దీక్షకి కూర్చున్నారు, డిసెంబరు 15 రాత్రి పోయారు. 58 రోజులు. లాహోర్ జైల్లో స్వాతంత్ర్య సమరయోధుడు జతిన్ దాస్ 1929లో 63 రోజులకి. 1981లో ఉత్తర ఐర్లాండ్ జైల్లో నిరాహారదీక్ష చేసిన ఐరిష్ ఖైదీ బాబీ శాండ్స్ 66 రోజులకి. అక్కడ పదిమంది పోయారు. చివరి రోజుల్లో చూపు చెదిరి, నిలబడలేక, వాంతులతో ఉండేవారు. ఎవరైనా "గాంధీగారు 21 రోజులు ఉన్నారు, మనకి వారం ఎంత" అంటే వినకండి. ఆయన పక్కన ఎప్పుడూ డాక్టర్లు ఉండేవారు.

పంచాంగం_పిచ్చి
శ్రీరాములుగారి త్యాగాన్ని ఈ డైటింగు చర్చలోకి తేవాలా?

చరిత్ర_చావడి
త్యాగం గురించి కాదండి నేనన్నది. పస్తుంటే ఒళ్ళు ఎంతవరకు ఆగుతుందో చెప్పడానికి.

వేదిక_నిర్వాహకుడు
రాష్ట్రాల విభజనదాకా వెళ్ళకముందే ఇద్దరూ ఇక్కడే ఆగండి. కాజా గారి ప్రశ్నకి రండి.

కొత్త_కోడలు
నాకు అయిదో నెల. నాగుల చవితికి ఉపవాసం ఉండి పుట్టలో పాలు పోయాలని నాకే ఉంది, అత్తయ్యగారు వద్దనే అంటున్నారు. ఒక్క పూటే కదా?

స్టెతస్కోప్_వరంగల్
అత్తయ్యగారి మాట వినండి. కడుపుతో ఉన్నప్పుడు మామూలుకంటే త్వరగా షుగర్ తగ్గి కీటోన్లు పెరుగుతాయి. వాంతులు, బీపీ, గర్భంతో వచ్చిన షుగర్ ఏది ఉన్నా అసలు వద్దు. పాలు, పళ్ళు తీసుకుంటూ పుట్ట దగ్గరికి వెళ్ళి రండి, నీళ్ళు మాత్రం తగ్గించకండి. మీ గైనకాలజిస్ట్‌ని ఓ మాట అడగండి.

పంచాంగం_పిచ్చి
గర్భిణులకి, పసిపిల్లలకి, ముసలివాళ్ళకి, రోగులకి నిర్బంధం లేదు. చలిమిడి, చిమ్మిలి ప్రసాదం మాత్రం మానక్కర్లేదు.

ఉప్మా_ద్వేషి
ఎవరూ అడగకపోయినా నా గోడు చెప్పుకుంటా. మా ఇంట్లో ఉపవాసం అంటే అన్నం మానడం, అంతే. దాని బదులు ఉప్మా, సాయంత్రం సగ్గుబియ్యం వడలు, మధ్యలో పాలు, అరటిపళ్ళు, రాత్రి పూరీ. మామూలు రోజుకంటే రెండింతలు. సగ్గుబియ్యం అంతా పిండే, దాన్ని నూనెలో వేయించడం ఒకటి. మా నాన్నకి ఉపవాసం మర్నాడే షుగర్ ఎక్కువ.

స్టెతస్కోప్_వరంగల్
నవ్వులాటగా అన్నా ఇది నిజమే. పగలంతా లో, రాత్రికి హై. ఇఫ్తార్‌లోనూ ఇదే గొడవ. ఉపవాసం విడిచేటప్పుడు ముందు కాస్త పాలో మజ్జిగో పండో తీసుకుని, తర్వాత పప్పు, కూర ఎక్కువ, అన్నం తక్కువగా తినండి.

పాతబస్తీ_చాయ్
హలీం గురించి ఏమీ అనకండి ప్లీజ్.

స్టెతస్కోప్_వరంగల్
చిన్న గిన్నె.

కాకినాడ_కాజా
సెలవు పెట్టి ఇంటికెళ్ళి అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన తిట్టలేదు, అదే పనిచేసిందనుకుంటా. "ఉండండమ్మా, కానీ నేను చెప్పినట్టు ఉండండి" అన్నారు. కార్తీకం అయ్యేదాకా డాపాగ్లిఫ్లోజిన్ ఆపేశారు. సోమవారం పొద్దున గ్లిమిపిరైడ్ లేదు, రాత్రి భోజనంతో వేసుకునే మందు విడిగా రాశారు. మధ్యాహ్నం పాలు, పండు తప్పనిసరి. మూడుసార్లు మీటర్. 70 తగ్గితే ఆ రోజుకి ఉపవాసం అయిపోయినట్టే. ఇది అమ్మ కిడ్నీ రిపోర్టులు, వయసు చూసి ఆవిడకి చెప్పింది, మీ ఇంట్లో ఇదే చేసెయ్యకండి.

అమ్మ అన్నిటికీ ఒప్పుకుంది, పండు దగ్గర తప్ప. "ఔషధం అనుకుని తిను" అని పంచాంగం గారి ఎనిమిదీ చదివి వినిపించాను. "ఆ జాబితా రాసిన ఆయన ఎవరో బుద్ధిమంతుడు" అంది. ప్రతినిధి సంగతి మాత్రం నేను చెప్పలేదు.

బెజవాడ_బాబాయ్
అమ్మగారి నంబరు ఇవ్వు, నేను చెప్తా.

శారద_విశాఖ
చన్నీళ్ళ స్నానం సంగతి అడిగారా? గోదావరిలో మునిగి, ఖాళీ కడుపుతో ఆ తడిబట్టల్లో...

కాకినాడ_కాజా
అడిగా. ఇంట్లో గోరువెచ్చని నీళ్ళు చాలన్నారు. అమ్మ ఇంకా ఆలోచిస్తోంది.

మైగ్రేన్_మాధవి
నాకు ఉపవాసం ఉన్న ప్రతిసారీ మధ్యాహ్నానికి తలపోటు, వాంతి. దేవుడి మీద కోపమొచ్చేంత. దారి ఉందా?

ఫార్మసీ_కౌంటర్
కాఫీ ఎన్నిసార్లు తాగుతారు రోజుకి?

మైగ్రేన్_మాధవి
నాలుగు. ఉపవాసం రోజు సున్నా.

ఫార్మసీ_కౌంటర్
రెండూ కలిసి వస్తున్నాయి. ఆకలి మైగ్రేన్‌ని లేపుతుంది, కాఫీ ఠక్కున ఆపితే ఆ తలనొప్పి వేరే. వారం ముందు నుంచి కాఫీ కొంచెం కొంచెం తగ్గించుకు రండి. ఖాళీ కడుపున నొప్పి మాత్రలు మాత్రం మింగకండి, కడుపులో పుండు పడుతుంది.

హాస్టల్_రూమ్‌నంబర్‌లేదు
ఇంజనీరింగ్ సెకండియర్. నాకు టైప్ 1, చిన్నప్పట్నుంచీ ఇన్సులిన్. రూమ్మేట్స్ అందరూ మాలలో ఉన్నారు, నేను కూడా వాళ్ళతో ఒంటిపూట భోజనం చేద్దామనుకుంటున్నా. తినను కాబట్టి ఇన్సులిన్ మానెయ్యొచ్చా?

స్టెతస్కోప్_వరంగల్
వద్దు. ఒక్కరోజు కూడా మానకు. భోజనానికి ముందు వేసుకునేది భోజనాన్నిబట్టి మారుతుంది, నిజమే. రోజుకోసారి వేసుకునే నిదానపు ఇన్సులిన్ మాత్రం తిన్నా తినకపోయినా ఉండాల్సిందే. అది ఆపితే ఒక్కరోజులోనే కీటోఅసిడోసిస్‌లోకి పోతావు. ఒంటిపూట భోజనం మీ డాక్టరుతో డోసులు సరిచూసుకోకుండా మొదలుపెట్టకు. ఇప్పుడు షుగర్ ఎంతుంది? ఇవాళ్టి ఇన్సులిన్ వేసుకున్నావా?

హాస్టల్_రూమ్‌నంబర్‌లేదు
పొద్దున వెయ్యలేదు సార్. ఇప్పుడు 312.

స్టెతస్కోప్_వరంగల్
వాంతులు, కడుపునొప్పి ఉన్నాయా? మీ డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చెయ్యి, కీటోన్ స్ట్రిప్స్ ఉంటే చూడు, నీళ్ళు తాగుతూ ఉండు. మీ డాక్టర్ ఫోన్ ఎత్తకపోతే రూమ్మేట్‌ని తీసుకుని దగ్గర్లో ఎమర్జెన్సీకి వెళ్ళిపో. ఇక్కడ నాకు జవాబు రాస్తూ కూర్చోకు.

హాస్టల్_రూమ్‌నంబర్‌లేదు
వాంతి ఒకసారి అయింది. బయల్దేరుతున్నాం సార్, మా గురుస్వామే బండి తీస్తున్నాడు.